తేదీ లేని పాఠం, నడిపి చూడని కోడు



పోయిన ఆదివారం మన హాల్లో యువజన విభాగం వాళ్ళు పెట్టిన సభకు నేనూ పోయినాను. చివరి వరసలో, ఫ్యాన్ కింద కూచున్నాను. బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన సాఫ్ట్‌వేర్ డెవలపర్లకు సరుకు అమ్మాలంటే వ్యాసాలు ఎట్లా రాయాలో గంటన్నర చెప్పినారు. దీన్ని కంటెంట్ మార్కెటింగ్ అంటారంట. నెలకు ముప్పై వ్యాసాలు తగ్గకుండా పెట్టాలంట. రాసేవాళ్ళకు కోడు రాకపోయినా ఫర్వాలేదంట, ఏఐ రాసి ఇస్తుందంట. పాత వ్యాసానికి తేదీ తీసేసినా, కొత్త తేదీ వేసినా గూగుల్ దాన్ని కొత్తదే అనుకొంటుందంట. ఈ చివరి మాటకు హాలంతా నవ్వి చప్పట్లు కొట్టినారు. నేను కొట్టలేదు. పక్కనున్న కార్యదర్శిగారు "ఏమన్నా, కోపమా?" అన్నారు. "ఇంటికి పోయి రాస్తాను" అన్నాను. రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నేను చదివింది అరవ మీడియం. తెలుగు నాకు ఇంటి మాట. అక్షరాలు రిటైరైన తర్వాత మన సంఘం ఆదివారం తరగతిలో దిద్దుకొన్నవి. తప్పులుంటే సర్దుకొని చదవండి. కోడు రాయడం నాకు రాదు. ముప్పై ఆరేళ్ళు రైల్వేలో గుమాస్తాగా కాగితాలు చూసినవాణ్ణి. ఇది కూడా కాగితం సంగతే కాబట్టి నోరు తెరుస్తున్నాను.

తెలియని పెద్దవాళ్ళ కోసం విషయం కొంచెం విప్పి చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లో రెండు రకాల సరుకు ఉంది. మనం ఫోన్లో వాడేది ఒకటి. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు వాడేది ఇంకొకటి. డబ్బు వసూలు చేసే పేమెంట్ గేట్‌వే, డేటాబేసు, గంటకింత అని బాడుగకు దొరికే సర్వరు, తప్పులు వెతికే పనిముట్లు, ఇట్లాంటివి. మన కోయంబత్తూరులోనే ఒక గది బాడుగకు తీసుకొని ఈ రెండో రకం సరుకు తయారుచేస్తున్న మన పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. దాన్ని కొనాలా వద్దా అని తేల్చేది డెవలపరు. వాడికి ప్రకటన అంటే చేదు. బ్రౌజర్లో ప్రకటనలు రాకుండా అడ్డం పెట్టుకొనేవాళ్ళలో మొదటివాడు వాడే. సేల్స్‌మన్ ఫోన్ చేస్తే ఎత్తడు. పని ఎక్కడో ఆగిపోయినప్పుడు మాత్రం గూగుల్లో వెతుకుతాడు. అప్పుడు ఎవరి పాఠం వాడి పని గట్టెక్కిస్తుందో, వాళ్ళ పేరు వాడి మనసులో నిలుస్తుంది. అందుకని కంపెనీలు పాఠాలు రాయడం మొదలుపెట్టినాయి.

ఇందులో తప్పేమీ లేదు. కొత్తదీ కాదు. అమెరికాలో నాగళ్ళు, ట్రాక్టర్లు అమ్మే జాన్ డీర్ కంపెనీ 1895లోనే 'ది ఫర్రో' అని రైతులకు పత్రిక మొదలుపెట్టింది. ఇప్పటికీ వస్తోంది. ఫ్రాన్సులో టైర్లు చేసే మిషెలిన్ సోదరులు 1900లో కార్లవాళ్ళకు ఉచితంగా ఒక పుస్తకం పంచినారు. టైరు ఎట్లా మార్చాలి, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, మెకానిక్కు ఏ ఊళ్ళో ఉన్నాడు అని అందులో రాసినారు. జనం కార్లో ఎంత తిరిగితే టైరు అంత అరుగుతుంది కదా, లాభం వాళ్ళదే. అయినా ఆ పుస్తకం చేతిలో పెట్టుకొని పోయినవాడికి పెట్రోలు దొరికింది. మిషెలిన్ టైరు కొననివాడికీ దొరికింది. నేను అడిగేది ఈ ఒక్కటే. నీ సరుకు కొననివాడికి కూడా నీ పాఠం పనికొస్తుందా?

డెవలపర్ల లోకంలో దీనికి మంచి ఉదాహరణ డిజిటల్ఓషన్. న్యూయార్క్‌లో మొదలైన కంపెనీ, సర్వర్లు బాడుగకు ఇస్తుంది. లైనక్స్ సర్వరు మీద ఏది ఎట్లా పెట్టుకోవాలో వాళ్ళు వేల పాఠాలు రాయించినారు, బయటివాళ్ళకు డబ్బిచ్చి కూడా రాయించినారు. వాటిలో చాలావాటిని ఇంకో కంపెనీ సర్వరు మీద అట్లాగే చేసుకోవచ్చు. మా తమ్ముడి కూతురు నాకు ఒక పాఠం తెరిచి చూపించింది. శీర్షికలోనే ఉబుంటు ఏ వెర్షనుకో అంకె వేసి ఉంది. ఆ వెర్షనుకు కాలం తీరిపోయింది కాబట్టి, ఇది పాతది, కొత్త వెర్షను పాఠం చూడండి అని పైన ఒక గమనిక అంటించి ఉంది. అది చూడగానే నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది.

మా ఆఫీసు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నేను మొదట చేరింది పార్సెల్ ఆఫీసులో. కొత్త గుమాస్తాకు మొదటి రోజు ఇచ్చే పని ఏమిటో తెలుసా? గమ్ము సీసా, కత్తెర, ఒక కట్ట కరెక్షన్ స్లిప్పులు. టారిఫ్ పుస్తకంలో ఒక రేటు మారితే, ఒక నియమం మారితే, పుస్తకం మొత్తం మళ్ళీ అచ్చు వెయ్యరు. ఒక చీటీ వస్తుంది. దానికి నంబరు, తేదీ ఉంటాయి. ఫలానా పేజీ, ఫలానా పేరా, ఈ మాట కొట్టేసి ఈ మాట చదువుకోండి అని ఉంటుంది. దాన్ని చోటు చూసి అంటించాలి, రిజిస్టర్లో నంబరు ఎక్కించి సంతకం పెట్టాలి. పదేళ్ళు పోయేసరికి పుస్తకం ఇడ్లీలాగా ఉబ్బిపోతుంది. చూడ్డానికి అసహ్యం. కానీ నమ్మదగిన పుస్తకం అదే. కొత్తగా, నున్నగా, ఒక్క చీటీ కూడా లేకుండా ఎవరి దగ్గరైనా ఉందంటే మేము అతనికి ఫోన్ చేసి రేటు అడిగేవాళ్ళం కాదు.

ఇంకొకటి. రైల్వేలో టైంటేబుళ్ళు రెండు. జనం చూసుకొనేది ఒకటి. స్టేషన్ మాస్టర్, డ్రైవర్, గార్డు వాడే వర్కింగ్ టైంటేబుల్ వేరే. ఎక్కడ ఎంత వేగం మించకూడదు, ఏ స్టేషన్లో ఆగకుండా ఎన్ని గంటలకు దాటిపోవాలి అన్నది అందులో ఉంటుంది. పోస్టర్ మీద ఊటీ కొండ బొమ్మ వేసి రండి రండి అంటే ఎవరికీ నష్టం లేదు. పోస్టర్ చూసి రైలు నడపమంటే?

సభలో మాట్లాడినాయన తప్పు సరిగ్గా ఇక్కడే ఉంది. డెవలపరు పాఠాన్ని చదవడు, నడుపుతాడు. చీర ప్రకటనలో పట్టు అని రాసినా మన ఆడవాళ్ళు చేత్తో పట్టి చూసి గాని కొనరు. డెవలపరు మీ పేజీలో ఉన్న నాలుగు వరసలు కాపీ చేసి తన మిషన్లో పెట్టి ఎంటర్ కొడతాడు. ఆ నాలుగు వరసల్లో ఒకటి తప్పయితే వాడి రాత్రి పోతుంది, ఒక్కోసారి వాడి కస్టమరు డేటా పోతుంది. అందుకని మీరు రాసేది వర్కింగ్ టైంటేబుల్. దాన్ని పోస్టర్ అనుకొని రాస్తున్నారు.

మా చెల్లెలి మనవడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. పోయిన మార్చిలో ప్రాజెక్టు చూపించాల్సిన ముందు రాత్రి మా ఇంట్లోనే ఉన్నాడు. ఒక కంపెనీవాళ్ళ పాఠం చూసి వాళ్ళు చెప్పినట్టు ఒక్కొక్క మెట్టు చేసుకుంటూ పోయినాడు. ఆరో మెట్టులో ఆగిపోయింది. రెండు గంటలకు నేను లేచి నీళ్ళు తాగడానికి పోతే వాడు కళ్ళెర్రగా చేసుకొని కూచొని ఉన్నాడు. "తాతా, నేనేదో తప్పు చేసినట్టుంది" అంటాడు. తెల్లారి వాళ్ళ సారు చూసి నవ్వినారంట. ఆ పాఠంలో చెప్పిన పద్ధతిని ఆ కంపెనీయే ఎత్తేసి రెండేళ్ళయింది. పాఠం మీద తేదీ లేదు. వాడికి తెలిసే దారి ఏది? వాడు రాత్రంతా తననే తిట్టుకొన్నాడు, రాసినవాణ్ణి తిట్టలేదు. నాకు బాధ కలిగించింది అదే. ఊరి పిల్ల, మొదటి తరం చదువు, ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. అచ్చులో కనబడితే నిజమే అనుకొంటారు.

ఇది ఒక్క కంపెనీ తప్పు కాదు. హెరోకు అని సర్వర్ల కంపెనీ ఉంది. చాలా ఏళ్ళు కొత్త పిల్లలకు ఉచితంగా చోటు ఇచ్చింది. ప్రపంచమంతా పాఠాలు రాసినవాళ్ళు చివరి మెట్టులో "ఇప్పుడు హెరోకులో ఉచితంగా పెట్టేయండి" అని రాసినారు. 2022 నవంబరు 28న ఆ ఉచిత చోటు ఆగిపోయింది. కంపెనీ ముందుగానే చెప్పే ఆపింది, దాని వ్యాపారం దాని ఇష్టం. కానీ ఆ పాఠాలు రాసినవాళ్ళలో ఎంతమంది వెనక్కి పోయి ఒక చీటీ అంటించినారు? అంటించనివాళ్ళ పాఠం ఇంకా అట్లాగే నిలబడి ఉంది, రైలు ఎత్తేసిన లైన్లో స్టేషన్ బోర్డులాగా. అట్లాంటి పాఠానికి తేదీ ఉంటే చదివేవాడు కనీసం అనుమానపడతాడు. ఆ తేదీనే తీసేయమని మన హాల్లో నేర్పినారు! తేదీ ముద్ర లేని రసీదు తెస్తే మా కౌంటర్లో పార్సెల్ ఇచ్చేవాళ్ళం కాదు. తేదీ మార్చి రాస్తే దానికి మా శాఖలో వేరే పేరు ఉండేది, ఉద్యోగం పోయేది.

ఇప్పుడు మా తమ్ముడి కూతురి సంగతి. మన సంఘం స్కాలర్‌షిప్‌తో చదివిన పిల్లే. డెవలపరు కావాలని చదివింది. దొరికిన ఉద్యోగం డెవలపర్ల కోసం వ్యాసాలు రాయడం. తక్కువ పని అని నేను అనను, బాగా చేస్తే గొప్ప పని. కానీ అక్కడ ఆమెకు పెట్టిన లెక్క వారానికి ఎనిమిది వ్యాసాలు. ఎనిమిది పనిముట్ల గురించి ఎనిమిది వ్యాసాలు రాయాలి. వాటిని మిషన్లో పెట్టి నడిపి చూడ్డానికి టైం ఏదీ? ఒకరోజు నా దగ్గరకొచ్చి, "పెదనాయనా, నేను రాసినదాన్ని నేనే ఎప్పుడూ నడిపి చూడలేదు. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే ఏం చెప్పాలో తెలియదు, అందుకే నా పేరు వెయ్యొద్దని చెప్పినాను" అన్నది. మేము చదివించింది పేరు వేసుకోవడానికి సిగ్గుపడే పని చెయ్యడానికా? ఆ రోజు ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయినాను. ఈ పోస్టు ఒక విధంగా ఆ జవాబే.

లెక్క పెట్టి రాయిస్తే ఏమవుతుందో మంచి కంపెనీకే ఎదురైంది. నేను పొగిడిన డిజిటల్ఓషన్‌వాళ్ళే 2014 నుంచి ప్రతి అక్టోబరులో హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ అని ఒక పండగ నడుపుతున్నారు. అందరూ ఉచితంగా వాడుకొనే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు దిద్ది పంపితే టీ-షర్టు ఇచ్చేవాళ్ళు. ఉద్దేశం మంచిదే, పేరూ వాళ్ళకే. 2020లో నాలుగు దిద్దుబాట్లు పంపితే చాలు అన్నారు. ఏమైంది? ఒక మాట చేర్చి, ఒక పొల్లు మార్చి, "ఇది అద్భుతమైన ప్రాజెక్టు" అని రాసి పంపే జనం తుఫానులాగా వచ్చి పడినారు. ఎవరి దగ్గరా జీతం లేకుండా ఆ సాఫ్ట్‌వేర్ చూసుకొనేవాళ్ళు ఆ చెత్త ఏరి పారెయ్యలేక ఏడ్చినారు. నెల మొదలైన రెండు మూడు రోజులకే కంపెనీ నియమం మార్చుకోవాల్సి వచ్చింది; ఒప్పుకొన్న ప్రాజెక్టులే లెక్కకు వస్తాయి అన్నారు. ఆ చెత్త ఎట్లా పంపాలో చూపించిన వీడియో అని లోకమంతా వేలెత్తి చూపింది మన దేశపు వీడియోనే. ఆ సిగ్గు మనకు చాలు. మళ్ళీ మన సంఘం డబ్బుతో నేర్పించుకోవాలా?

పోలిక వ్యాసాల గురించి ఎక్కువ చెప్పను. "మా సరుకు, వాళ్ళ సరుకు" అని పట్టిక వేస్తారు. మనవైపు అన్నీ పచ్చ టిక్కులు, ఎదుటివాడి వైపు అన్నీ ఎర్ర గీతలు. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా అబ్బాయికి కొంచెం కోపం ఎక్కువ అని ఒక్క మాటైనా చెబుతాడు.

ఏఐ సంగతి. డెవలపర్లు ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కొనే స్టాక్ ఓవర్‌ఫ్లో అనే చోటు 2008 నుంచి ఉంది. చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది రోజులకే, 2022 డిసెంబరులో, దానితో రాయించిన జవాబులు పెట్టొద్దని వాళ్ళు ఆపేసినారు. ఎందుకంటే ఆ జవాబులు చూడ్డానికి సరిగ్గా ఉంటాయి, చాలావాటిలో తప్పులు ఉంటాయి, పరీక్షించడానికి మనుషులు చాలరు. పైన పటారం, లోన లొటారం. లేని కమాండుకు కూడా పేరు పెట్టి రాస్తుంది ఆ యంత్రం. దాన్ని నడిపి చూడకుండా మనం పేజీలో పెడతాం. రేపు ఇంకో యంత్రం మన పేజీ చదివి అదే నిజమని ఇంకొకడికి చెబుతుంది. యంత్రం వాడొద్దని నేను అనడం లేదు. టైపిస్టు కొట్టిన ఉత్తరాన్ని చదవకుండా సంతకం పెట్టే ఆఫీసరును మేము ఏమనేవాళ్ళమో ఇక్కడ రాయలేను.

తమ్ముళ్ళు అడుగుతారు, "చిన్నాయనా, పెద్ద కంపెనీలకు డబ్బుంది, మాకేముంది? వ్యాసాలు పెట్టకపోతే మా పేరు ఎవరికి తెలుస్తుంది?" న్యాయమైన మాట. మీ కష్టం నాకు తెలుసు, నాలుగు నెలల బాడుగ బాకీ ఉన్నవాడు కూడా మీలో ఉన్నాడు. అమ్ముకోండి. మేము ఇది అమ్ముతున్నాం అని మొదటి వరసలోనే చెప్పి అమ్ముకోండి, ఎవరూ తప్పు పట్టరు. ట్విలియో అని ఫోన్, ఎస్సెమ్మెస్ పనులు సాఫ్ట్‌వేర్‌తో చేయించే కంపెనీ శాన్‌ఫ్రాన్సిస్కోలో రోడ్డు పక్క ఒక పెద్ద బోర్డు పెట్టింది. మీ డెవలపర్ని అడగండి అని మాత్రమే. సరుకు గురించి ఒక్క మాట లేదు! ఎంత ధైర్యం ఉంటే అట్లా పెట్టగలరు? అడిగితే డెవలపరు మంచిమాటే చెబుతాడని నమ్మకం ఉండాలి. స్ట్రైప్ అనే పేమెంట్ కంపెనీకి డెవలపర్లలో పేరు తెచ్చినవాటిలో ముఖ్యమైనది వాళ్ళ డాక్యుమెంటేషనే. సరుకు ఎట్లా వాడాలో చెప్పే కాగితమే వాళ్ళకు సేల్స్‌మన్.

మీలో ఒకరి వెబ్‌సైటు నేను మా తమ్ముడి కూతుర్ని పక్కన పెట్టుకొని చూసినాను. పేరు చెప్పను. డెవలపర్ల కోసం నూట పది వ్యాసాలు ఉన్నాయి. సొంత సరుకును మిషన్లో పెట్టుకోవడం ఎట్లా అన్న పేజీలో మూడో కమాండు పని చెయ్యలేదు. నూట పదకొండో వ్యాసం రాయడానికి ముందు ఆ మూడో కమాండు సరిచేస్తే, నీకు కస్టమర్లు ఎందుకు వచ్చి తిరిగిపోతున్నారో నీకే తెలుస్తుంది నాయనా. కోపపడకు. నీకు ఫోన్లో చెప్పినాను, వారమైంది, ఇంకా మార్చలేదు, అందుకని రాస్తున్నాను.

ఇక అసలు విషయం. వచ్చే సర్వసభ్య సమావేశంలో యువజన విభాగం ఒక తీర్మానం తెస్తోంది. విద్యానిధి నుంచి మూడు లక్షలు తీసి, నలభై మంది పిల్లలకు మూడు నెలల కంటెంట్ శిక్షణ ఇప్పించాలని. శిక్షణ ఇచ్చేది ఆ రోజు మాట్లాడినాయన సంస్థే. ఈ తీర్మానానికి ఇట్లాగే ఉంటే నేను ఒప్పుకోను. విద్యానిధి అంటే ఏమిటో ఒకసారి గుర్తుచేసుకోండి. పెళ్ళిళ్ళలో భోజనం ఖర్చు తగ్గించి ఇచ్చినవాళ్ళ డబ్బు అది. మగ్గం నేసి నెలకు యాభై చొప్పున కట్టిన ముసలివాళ్ళ డబ్బు. దాంతో మన పిల్లలకు తేదీ చెరపడం నేర్పించలేము.

ఊరికే వద్దనడం నా పద్ధతి కాదు. సవరణ రాసి కార్యదర్శిగారికి ఇచ్చినాను. నలభై మంది కాదు, పన్నెండు మంది. మూడు నెలలు కాదు, ఒక ఏడాది. ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ సొంతంగా ఒక చిన్న సర్వరు బాడుగకు తీసిద్దాం. మన సభ్యుల్లో డెవలపర్లుగా పనిచేస్తున్న పన్నెండు మంది ఒక్కొక్కరికి తోడు ఉండాలి. నెలకు ఒక్క పాఠం రాస్తే చాలు. రాసినదాన్ని రాసినవాళ్ళు కాకుండా ఇంకొకరు, ఏమీ ఎక్కించని కొత్త మిషన్లో, మొదటి నుంచి చివరిదాకా చేసి చూడాలి. పని జరిగితేనే పెట్టాలి. పైన రాసినవాళ్ళ పేరు, నడిపి చూసినవాళ్ళ పేరు, తేదీ, వెర్షను అంకె ఉండాలి. మూడు నెలలకొకసారి మళ్ళీ నడిపి చూసి, మారినచోట చీటీ అంటించాలి. ఆ రిజిస్టరు నేను రాస్తాను, జీతం అక్కర్లేదు. పాఠం తెలుగులో, అరవంలో కూడా ఉంటే మా మనవడిలాంటి పిల్లలకు రాత్రి రెండు గంటలకు పనికొస్తుంది. మన కంపెనీల సరుకు గురించే మొదటి పన్నెండు పాఠాలు రాయించండి, నాకు అభ్యంతరం లేదు. ఆ పిల్లలు నడిపి చూసి పని చెయ్యలేదంటే మాత్రం, అదీ అందులో రాస్తారు.

ఈ చివరి మాటకు ఇద్దరు తమ్ముళ్ళు ఇప్పటికే ఫోన్ చేసి కోప్పడినారు. సమావేశంలో అందరి ముందు కోప్పడమని చెప్పినాను.

సమావేశం రెండో ఆదివారం ఉదయం పది గంటలకు, మన హాల్లోనే. మా ఆఫీసులో రద్దయిపోయి పారేస్తుంటే అడిగి తెచ్చుకొన్న పాత టారిఫ్ పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది, చీటీలతో సహా. అది తెచ్చి బల్ల మీద పెడతాను. మా తమ్ముడి కూతురు కూడా వస్తానన్నది. ఆమెను ఏమైనా అడగాలనుకొంటే మర్యాదగా అడగండి.